ఓలన్ ముత్యములు

పెరల్ బక్ అను నమెరికా రచయిత్రి పసితనముననే తలిదండ్రులతో చీనా దేశమునకు బోయి యచటనే పెరిగినది. అచటి కర్షకుల కష్టసుఖములను కన్నులార జూచి యామె వ్రాసిన ‘ది గుడ్ ఎర్త్’ అను నవల 1931లో వెలువడి లోకప్రసిద్ధమైనది. 1937లో మెట్రో గోల్డ్విన్ మేయరు సంస్థవారు దానిని చలనచిత్రముగా దీసిరి.

వాంగ్ లంగ్ అను పేదరైతు ధనికుల యింటి దాసియగు ఓలన్‌ను పెండ్లాడును. ఆమె మితభాషిణి. మగనితో సమముగ పొలమున బాటుపడును. బిడ్డను గన్ననాడే తిరిగి పైరు గోయవచ్చును. కఱవునాట బిచ్చమెత్తి సంతానమును బ్రదికించును. పట్టణపు టల్లరిలో దనకు దొరకిన రత్నములను భర్త కిచ్చివేసి, రెండు చిన్న ముత్యములు మాత్రము తనకై వేడుకొనును. సంపన్నుడైన పిదప నాతడు లోటస్ అను భోగకాంతను జేరదీసి, యా రెండు ముత్యములను గూడ నామెకే సమర్పించును.

ఓలన్ పాత్రను ధరించిన లూయీజ్ రైనర్ జర్మనీ దేశమున బుట్టిన నటి. ఆ యేటి యుత్తమనటిగా నామెకు అకాడమీ బహుమానము లభించినది. ఆమె నటనను మేము తక్కువ చేయము. కాని చీనా వంశీయురాలై, 1905లో లాస్ ఏంజిలిస్ నగరముననే జన్మించి, అప్పటికే పేరుగాంచిన అన్నా మే వాంగ్ అను నటికి ఆ పాత్ర నీయరైరి. నాయకుడు తెల్లవాడగుటచే, అన్యజాతి స్త్రీ తెరపై నాతనికి భార్యగా గనబడుట నాటి చిత్రపరిశ్రమకు సమ్మతము గాదు. ఆమెను లోటస్ వేషమునకు మాత్రము పరిశీలింపగా, ఆత్మగౌరవము గల యామె యొల్లలేదు. ఓలన్ ముత్యములకు బట్టిన గతియే యామె ప్రతిభకును బట్టినది: ఒకరి సొత్తు వేఱొకరి పాలైనది.

ఈ చిత్రమును జూచి చీనా రైతులకై కన్నీరు విడిచిన దేశముననే, చీనా కూలీల ప్రవేశమును నిషేధించిన 1882 నాటి శాసనము మఱి యాఱేండ్లు నిలిచియుండెను. పెరల్ బక్ మొదలగువారు పోరాడగా 1943లో నది రద్దయ్యెను. అపుడైనను ఏటికి 105 మందికే యనుమతి!

చిత్రము ఓలన్ మరణముతోడను, భర్త పశ్చాత్తాపముతోడను ముగియును. నవల యచట నాగదు. ఆమె చెమటోడ్చిన నేలను విక్రయింప గొడుకులు గుసగుసలాడుటయు, ముదుసలి తండ్రి తలమీదుగ నొకరినొకరు చూచి నవ్వుకొనుటయు గలదు. రచయిత్రి చూపు నిచట మిక్కిలి నిశితమని మా యభిప్రాయము. చనిపోయిన యిల్లాలికై వగచుట సులభము. బ్రదికియున్ననాడు ఆమె ముత్యముల నామెకు విడిచిపెట్టుటయే కష్టము. ఇండ్లకును దేశములకును ఈ ధర్మ మొక్కటియే. కరుణ కంటనీటితో నాగిపోయినచో నది న్యాయము గానేరదు.