పొందిక భావన

బతుకు అర్థమయ్యేదేనని, కష్టాన్ని నెట్టుకురాగలమని, ఆ పాటుకు విలువుందని మనిషికుండే నిలకడైన నమ్మకం. వైద్య సామాజిక శాస్త్రవేత్త ఆరన్ ఆంటొనోవ్‌స్కీ 1979లో దీన్ని ప్రతిపాదించాడు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన ఇజ్రాయెల్ మహిళల్లో 29 శాతం మంది మానసికంగా బాగానే ఉండటం ఆయన్ని ఆలోచనలో పడేసింది. రోగం ఎందుకొస్తుందని కాదు, ఆరోగ్యం ఎలా నిలుస్తుందని అడిగాడు.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రగిలిన ఉక్కు నగరం భిలాయిలో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్‌లో ఈ నమ్మకాన్ని ఊహించుకోవడం తేలిక. గోడ క్యాలెండర్ మీద షిఫ్టుల గుర్తులు బతుకు అర్థమవడానికి ఉదాహరణ. నైట్ డ్యూటీ దిగినాయన నిద్రపోతుంటే పిల్లల్ని పక్కింటి పిన్ని ఆడించడం కష్టాన్ని నెట్టుకురావడానికి ఉదాహరణ. ఊళ్లో చెల్లి పెళ్లికి పంపే డబ్బు ఆ పాటుకున్న విలువకు ఉదాహరణ. అయితే కొలిమి వేడిని, కాంట్రాక్టు పని బెంగను ఈ నమ్మకం తీసెయ్యదు. దీని సంబంధం ఒంటి ఆరోగ్యంతో కన్నా మనసు ఆరోగ్యంతోనే బలంగా కనిపిస్తుంది.