ఉలి దారి, ఫైలు దారి

అరకు, పాడేరు కొండల్లో నాగలి చేయించుకోవాలంటే కొండకమ్మర గడప తొక్కాల్సిందే. ఇనుము కాల్చేదీ అతనే, కర్ర చెక్కేదీ అతనే. కొలత కాగితం మీద ఉండదు. జానా బెత్తెళ్లతో, ఎద్దుల ఎత్తుతో, చేను వాలుతో అది తేలుతుంది. పాత నాగలి అరిగిపోతే కొత్తదానికి నమూనా అదే. ఆకారం చేతిలోనే ఉంటుంది. చేతిని దాటి విడిగా ఉండే అవసరం దానికి రాలేదు.

కొండ దిగి వరాహ నది ఒడ్డుకు వస్తే ఏటికొప్పాక. ఇక్కడి అంకుడు కర్ర మెత్తన, లేత రంగు. అది లేత్ మీద తిరుగుతుండగా ఉలి ఆనించి కుంకుమ భరిణె తీస్తారు. ఆ తర్వాత లక్క కణికను ఒత్తిపెడితే రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నన్ను ఆకట్టుకునే సంగతి మాత్రం వేరు. భరిణెకు పక్కనుంచి కనిపించే వంపు ఒక్కటి తెలిస్తే చాలు, మిగతాదంతా తిప్పుడే. కంప్యూటర్‌లో భరిణె గీసేవాడు చేసేదీ ఇదే: సగం వంపు గీసి, నడిమి గీత చుట్టూ తిప్పమంటాడు. తరాలుగా చేతికి తెలిసిన పనికి సాఫ్ట్‌వేర్ 'రివాల్వ్' అని పేరు పెట్టుకుంది, అంతే.

ఆకారాన్ని చేతి నుంచి విడదీసి అంకెలుగా మార్చాలన్న తొందర విమానాల వాళ్లకు పుట్టింది. హెలికాప్టర్ రెక్కల వంపు కచ్చితంగా రావడానికి జాన్ పార్సన్స్ పంచ్ కార్డులతో బిందువులు లెక్కకట్టించాడు. ఆ ఆలోచనను అందుకుని ఎం.ఐ.టి. 1952లో కాగితపు టేపు చదివి లోహం కోసే యంత్రాన్ని చూపించింది. అప్పటికి గీత లేదు, అంకెలే. తెర మీద గీయడం 1963లో ఇవాన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్'తో వచ్చింది. కార్ల కంపెనీ రెనోలో ఇంజినీరు బెజియే వాడిన వంపులు ఈనాటికీ ప్రతి డిజైన్ ప్రోగ్రాంలో ఉన్నాయి. ఈ వంపును కొన్ని చుక్కలతో నిర్ణయిస్తారు: గీత చివరి చుక్కలను మాత్రమే తాకుతుంది, మధ్య చుక్కలు దూరం నుంచే దాన్ని లాగుతాయి. చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేసేవాళ్లకు ఇది పెద్ద వింతేమీ కాదు. 1982లో ఆటోక్యాడ్ ఈ పనిని చిన్న కంప్యూటర్ల మీదికి తెచ్చింది. 2009లో వచ్చిన 'Grbl' అనే ఉచిత ప్రోగ్రాం, ఫైలు చెప్పినట్టు చెక్క కోసే చవక రౌటర్ యంత్రాలకు దారి తీసింది. తలుపుల మీద ఉబ్బెత్తు బొమ్మలు (రిలీఫ్) చెక్కేవాళ్ల నోట నానిన ఆర్ట్‌క్యామ్ ప్రోగ్రాంను ఆటోడెస్క్ కంపెనీ 2018లో ఆపేసింది. ఆకారం ఫైలులో ఉంటే ఇలాంటి చిక్కూ ఉంటుంది మరి.

ఫైలు తయారీ దగ్గరే అసలు పని. అరకు థింసా నృత్యాన్ని అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు పలక మీద చెక్కాలనుకుందాం. ఫొటో పెట్టేసి మీట నొక్కితే అవదు. ఏ చీర మడత పైకి, ఏ భుజం లోపలికి అన్నది మనిషే తేల్చాలి. తర్వాత తేల్చాల్సింది బిట్, అంటే యంత్రం కోసే మొన, నడిచే దారి. ముందు లావు బిట్‌తో వృథా చెక్క తీసేయాలి, పిమ్మట 3 మి.మీ. గుండు బిట్‌తో నునుపు చేయాలి. వరసకీ వరసకీ మధ్య 0.3 మి.మీ. ఎడం పెడితే సుమారు 1000 వరసలు, 600 మీటర్ల నడక. నిమిషానికి 3 మీటర్ల చొప్పున 200 నిమిషాలు. ఎడం రెట్టింపు చేస్తే సమయం సగమవుతుంది, కానీ గీతలు మిగిలి ఆ బరువు సాండ్ పేపర్ పట్టేవాడి మీద పడుతుంది. కంప్యూటర్ దగ్గర మిగిల్చుకున్న గంట ఇంకొకరి మోచేతిలో తేలుతుందన్నమాట.

చెక్క సంగతి ఫైలుకు తెలియదు. నార ఎటు పోతోందో, ముడి ఎక్కడుందో చూసి పలకను యంత్రం బెడ్ మీద అటూ ఇటూ తిప్పేది వడ్రంగే. 25 మి.మీ. అన్న పలక తీరా కొలిస్తే 24 ఉండవచ్చు. జీరో, అంటే యంత్రం లోతు కొలవడం మొదలుపెట్టే చోటు, సరిగా పెట్టకపోతే ఆ ఒక్క మిల్లీమీటరే నర్తకి ముక్కు ఎగరగొడుతుంది. అరకు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్‌నే తీసుకోండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు చెక్కలో వలలాంటి మచ్చలు మెరుస్తాయి. దాని మీద సన్నని ముఖాలు చెక్కితే మచ్చలే ముందు కనిపిస్తాయి; పెద్ద వంపులకైతే అవే అందం.

థింసాలో ఆడవాళ్లు ఒకరి నడుము వెనకగా ఇంకొకరు చేతులు కలిపి గొలుసుకట్టుగా నిలబడతారు. ఆ చేతుల నడుమ ఇరుకు సందులుంటాయి. సందును అవతలి వైపు దాకా కోసినప్పుడు 6 మి.మీ. బిట్ లోపలి మూలలో 3 మి.మీ. వ్యాసార్ధం గుండ్రాన్ని వదిలేస్తుంది. సన్న బిట్ పెడితే గుండ్రం తగ్గుతుంది గానీ పోదు. మొన వి ఆకారంలో ఉండే వి-బిట్ అక్షరాలకు పదును తెస్తుంది, నిలువు గోడకు పనికిరాదు. పలక బెడ్ దిగాక వడ్రంగి దాన్ని ఒడిలో పెట్టుకుని, సన్న ఉలితో ఒక్కో సందు మూలా తీస్తాడు.