వెన్నుపాముకు మూలకణాల పందిరి

తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడైనా, జంషెడ్‌పూర్ కద్మాలో డ్యూటీకి బయల్దేరి బైకు ప్రమాదంలో చిక్కుకున్నవాడైనా, వెన్ను విరిగి కాళ్ళు పడిపోతే ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: మళ్ళీ నడుస్తాడా? దాదాపు 3600 ఏళ్ళ నాటి ఈజిప్టు వైద్యపత్రం ఎడ్విన్ స్మిత్ పాపిరస్ దీన్ని వైద్యం చేయదగ్గ జబ్బు కాదంది. ఎదిగిన మనిషి వెన్నుపాములో తెగిన నాడులు తిరిగి పెరగవని 20వ శతాబ్దపు తొలినాళ్ళలో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ యి కహాల్ కూడా నిర్ణయించాడు.

ఆ నమ్మకాన్ని కదిలించింది 1981 నాటి ఒక ప్రయోగం. మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల వెన్నుపాముకు నరం ముక్కను వంతెనలా కుట్టారు. నాడీతంతువులు అందులోకి పాకాయి. పెరిగే శక్తి నాడికి ఉంది, చుట్టూ ఉన్న నేలే దాన్ని అడ్డుకుంటోంది.

గాయమైన చోట క్రమంగా నీటితిత్తి ఏర్పడుతుంది, చుట్టూ మచ్చ కడుతుంది. అక్కడ ఒట్టి మూలకణాలను, అంటే వేరే కణాలుగా మారగల కణాలను, వదిలితే చాలావరకు చచ్చిపోతాయి. తీగకు పందిరి కావాలి. కొల్లాజెన్, ఫైబ్రిన్ జెల్‌లు, శరీరంలో కరిగిపోయే పీఎల్‌జీఏ స్పంజీలు ఆ పని కోసం వచ్చినవే. హైదరాబాదులో మూలకణాలకు ఇలా పందిరిని జోడించడం కంటికి ఫలించింది: ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి నల్లగుడ్డు అంచు మూలకణాలను ఉమ్మనీటి సంచి పొరపై పెంచి అతికించింది. కంటికి కావలసింది పైపొర ఒక్కటే. వెన్నుపాములో మాత్రం ప్రతి తంతువూ తన గమ్యాన్ని తానే వెతుక్కోవాలి.

అందుకే ఇక్కడ విజయం మొండికేసింది. 2010 అక్టోబరులో అమెరికాలో జెరాన్ సంస్థ పిండ మూలకణాల నుంచి తయారుచేసిన కణాలను తొలి రోగికి ఎక్కించింది, మరుసటి ఏడాదే నిధుల కారణంతో ఆపేసింది. 2014లో ఇన్‌వివో సంస్థ మనిషి వెన్నుపాములో అమర్చిన పీఎల్‌జీఏ ఊతం 2023 నాటి ఫలితాల్లో అనుకున్న మెరుగుదల చూపలేదు. ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ వైద్యులు అయిదుగురు రోగులకు వారి ముక్కులోని పొరనే నాటి చూశారు. ప్రయోజనం కనబడలేదని 2009లో దాచకుండా ప్రచురించారు. అలాంటి నిజాయితీ రోగులకు చేసే సేవే. జపాన్ కీయో విశ్వవిద్యాలయం 2025 మార్చిలో వెల్లడించిన ఐపీఎస్ కణాల (మామూలు కణాలను మార్చి చేసిన మూలకణాల) ఫలితాల్లో నలుగురిలో ఇద్దరికి కదలికలు మెరుగుపడ్డాయి. ఆశ పుట్టించే వార్తే అయినా, నలుగురితో చికిత్స రుజువు కాదు.

మన దేశంలో 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు వెన్నుపాము గాయానికి మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప వాడకూడదన్నాయి. అలాంటి ప్రయోగంలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా లక్షలు అడిగితే, పొలం అమ్మకముందే ఆ ప్రయోగానికి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు ఉందా అని అడగండి.