ఇనుప తాళంచెవి, నాలుక కింది మాత్ర

ఒంగోలుకు తూర్పున సముద్రపుటొడ్డున ఉన్న కొత్తపట్నంలోనూ, అక్కడి నుంచి గుంటూరు దాకా పరుచుకున్న పత్తి, మిరప పొలాల పల్లెల్లోనూ, ఆంధ్రదేశంలో చాలాచోట్ల మాదిరే, రెండు జబ్బులకు రెండు ఆచారాలు తరాలుగా సాగుతూ వచ్చాయి. మూర్ఛ వచ్చి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న మనిషి గుప్పిట్లో తాళంచెవుల గుత్తినో, మరో ఇనుప వస్తువునో పెట్టడం మొదటిది. ఛాతీ పట్టేసిందంటే గ్యాసని తేల్చి వాము నమిలించడం, సోడా తాగించడం రెండోది. ఇనుముకు మహిమ ఉన్నట్టు తోచడానికి కారణం లేకపోలేదు. మూర్ఛ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, ఆగేసరికి తాళంచెవి చేతిలో ఉంటుంది. సోడాకు పేరు వచ్చిందీ అలాగే. వల లాగుతున్నప్పుడో, మిరపకాయల బస్తా ఎత్తుతున్నప్పుడో వచ్చి, పని ఆపి కూర్చోగానే తగ్గే నొప్పిని వైద్యులు స్టేబుల్ యాంజైనా అంటారు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి సన్నబడినందువల్ల, శ్రమవేళ చాలినంత రక్తం అందక ఆ నొప్పి పుడుతుంది; దాన్ని తగ్గించేది సోడా కాదు, విశ్రాంతి.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందన్న ఊహ మాత్రం కొత్తది కాదు. చరక సంహిత మూర్ఛవ్యాధిని అపస్మారమనీ, గుండెజబ్బులను హృద్రోగమనీ వేర్వేరు అధ్యాయాల్లో చెప్పినా, అపస్మారానికి కారణమైన దోషాలు చేరే చోటు హృదయమేనని పేర్కొంది. మనసుకు నెలవు హృదయమన్న నమ్మకం మీద నిలిచిన సిద్ధాంతం కనుక నేటి శాస్త్రం దాన్ని ఆ రూపంలో ఒప్పుకోదు. మూర్ఛ పుట్టేది మెదడు కణాల్లో అదుపు తప్పిన విద్యుత్ సంకేతాల వల్లనే. అయినా మూర్ఛరోగిని చూసేటప్పుడు గుండెను మరవని ఆ దృష్టిని తక్కువ చేయడం న్యాయం కాదు.

గుండె నుంచి మెదడుకు ఉన్న దారిని ఆధునిక వైద్యానికి స్పష్టంగా చూపింది డబ్లిన్ వైద్యులు. 1827లో రాబర్ట్ ఆడమ్స్, 68 ఏళ్ల రెవెన్యూ ఉద్యోగి ఒకరిని వర్ణిస్తూ, నాడి నిమిషానికి 30 సార్లు మాత్రమే కొట్టుకునే ఆ రోగి పదేపదే స్పృహ తప్పడానికి మూలం గుండెలో ఉందని సూచించాడు. 1846లో విలియం స్టోక్స్ ఆ సంగతిని మరింత విస్తరించాడు. గుండె కొన్ని సెకన్లు ఆగితే మెదడుకు రక్తం అందదు, మనిషి కూలబడతాడు, ఒళ్లు అచ్చం మూర్ఛలో లాగానే కొట్టుకుంటుంది. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో తొలిసారి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చింది ఇటువంటి రోగికే. అంతకుముందు ఎంతమందిని మూర్ఛరోగులుగానే లెక్కకట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

మందుల చరిత్ర మాత్రం రెండు పాయలుగా నడిచింది. మూర్ఛకు 1857లో బ్రోమైడ్, 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. 1772లో విలియం హెబర్డెన్ అచ్చులో వర్ణించిన యాంజైనాకు 1867లో లాడర్ బ్రంటన్ ఎమైల్ నైట్రైట్‌ను, 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్‌ను వాడి చూపారు. ఈ ప్రాంతంలో పాశ్చాత్య వైద్యం మొదట మిషన్ ఆస్పత్రులతో వేళ్లూనుకుంది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సేవ అందులో ముఖ్యమైనది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వెలిసింది. కాలక్రమంలో మూర్ఛకు వాడే గార్డినాల్, ఎప్టాయిన్, యాంజైనాకు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ పల్లె ఇళ్లలోనూ వినపడే పేర్లయ్యాయి.

మాత్రలు చేరినా మూర్ఛను దాచే అలవాటు పోలేదు. ఆడపిల్లకు ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే సంబంధం తప్పిపోతుందన్న భయం ఇంటి గడప దాటలేదనుకుంటే పొరపాటు, అది చట్టానికీ ఎక్కింది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం పదేపదే వచ్చే మూర్ఛను పెళ్లికి అనర్హతగా చేర్చింది, 1999లో గానీ ఆ మాటను తొలగించలేదు. ఇరవై మూడేళ్లపాటు చట్టమే కళంకంగా ఎంచిన జబ్బును కుటుంబాలు దాచడం వింత కాదు, అన్యాయం చేసింది కుటుంబాలూ కావు. కానీ అలా దాచిన రోగికి వయసు పైబడి ఛాతీ నొప్పి మొదలైనప్పుడు, గుండె వైద్యుడి ముందు కూడా ఆ సంగతి పైకి రాదు.

ప్రమాదం ఉన్నది అక్కడే. మూర్ఛ వచ్చినప్పుడు సాధారణంగా గుండె వేగం పెరుగుతుంది, దాంతో ధమనులు సన్నబడిన గుండెపై భారం పడుతుంది. మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపైన్ కాలేయంలోని ఎంజైముల పనిని పెంచుతాయి. అందువల్ల రక్తంలో కొలెస్ట్రాల్ పెరగవచ్చు, దాన్ని తగ్గించే స్టాటిన్లలో చాలావాటి బలం తగ్గుతుంది. యాంజైనాకిచ్చే రానోలజైన్‌ను ఈ మందులతో కలిపి వాడకూడదు. మరోవైపు సార్బిట్రేట్ వల్ల రక్తపోటు పడిపోయి రోగి సొమ్మసిల్లితే, ఒళ్లు కాసేపు అదిరినా, చూసేవారు దాన్ని మూర్ఛగా పొరబడతారు.

కనుక రెండు జబ్బులూ ఉన్నవారు గుండె డాక్టరు దగ్గరకు మూర్ఛ మాత్రల చీటీని, మూర్ఛ డాక్టరు దగ్గరకు గుండె మందుల చీటీని తప్పకుండా తీసుకువెళ్లాలి. ఏ మందునూ తమంతట తాము ఆపకూడదు. మూర్ఛ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. విశ్రాంతి తీసుకున్నా ఛాతీ నొప్పి తగ్గకపోతే అప్పుడూ 108కి ఫోన్ చేయాలి.