బోదకాలు మందు: మాత్ర నుండి ఉప్పు దాకా

సోంపేటలో రైలెక్కి దక్షిణంగా వెళ్లితే పలాస దాటిన తరువాత నౌపడ వస్తుంది. అక్కడ ఉప్పునీటిని మడులలో ఎండబెట్టి ఉప్పు పండిస్తారు. ఉద్దానం కొబ్బరితోటలోని పాకయినా, పట్నంలోని మేడయినా ఉప్పు లేని వంటిల్లు ఉండదు. ఈ తీరానికి ఉప్పువలెనే చిరపరిచితమైనది బోదకాలు వ్యాధి. ఈ రెండింటికి పొత్తేమిటని విద్యార్థులు అడుగవచ్చును. మందును మనిషికి చేర్చే విధానాల చరిత్రలో ఈ రెండూ ఒకచోట కలుసుకొన్నవి.

ఈ ప్రాంతాలలో బోదకాలుకు కారణం ఉకెరేరియా బాంక్రాఫ్టై అనే దారపుపోగు వంటి పురుగు. క్యూలెక్స్ దోమ దీనిని ఒకరినుండి మరొకరికి చేరవేస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాలలో ఏళ్ల తరబడి బ్రతుకుతాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రాత్రివేళ రక్తంలో సంచరిస్తాయి. పరీక్షకు రక్తం రాత్రిపూట తీయడానికి కారణమిదే. ముదిరిపోయిన వాపును మందు తీసివేయలేదు. కాబట్టి మందు ముఖ్యంగా చేరవలసినది ఏ బాధా తెలియకుండా పురుగును మోస్తున్న మనిషికి. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఒంట్లో బాగున్నవాడు మందెందుకు మింగుతాడు?

ఆ మందు పుట్టుకలో ఒక తెలుగువాని పేరు ముడివడి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికను సైనికులకు ఫైలేరియా సోకినది. అంతకుముందు ఆంటిమొనీ, ఆర్సెనిక్ సమ్మేళనాలను ప్రయోగించి చూచేవారు. అవి విషపూరితాలు. సుబ్బారావుగారి పర్యవేక్షణలో హ్యూయిట్ మొదలైన శాస్త్రజ్ఞులు పత్తి ఎలుకలలోని ఫైలేరియా పురుగులపై అనేక రసాయనాలను పరీక్షించారు. పైపరజీన్ జాతికి చెందిన డైఇథైల్ కార్బమజీన్ అందులో నెగ్గినది. ఫలితాలు 1947లో వెలువడినవి. దీనినే క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు, లెడర్లీ దీనికి హెట్రజాన్ అని పేరు పెట్టినది. సూదితో పని లేదు, మాత్రగా మింగితే చాలును. మరుసటి సంవత్సరమే, 1948లో, సుబ్బారావుగారు కన్నుమూశారు.

1955లో భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైనది. ఊరంతటికీ మందు ఇవ్వాలనే ప్రయత్నం తొలి సంవత్సరాలలోనే దెబ్బతిన్నది. మందు ప్రభావంతో మైక్రోఫైలేరియాలు ఒక్కసారిగా చచ్చినప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. రోగం లేదనుకొన్నవాడు మాత్ర మింగి జ్వరం తెచ్చుకొంటే, మరునాడు ఇరుగుపొరుగువారు మాత్ర ముట్టరు. మందు పనిచేస్తున్నదనడానికి గుర్తయిన జ్వరమే మందుకు శత్రువైనది.

మందును కొద్దికొద్దిగా, ఎక్కువకాలం శరీరానికి అందించడం ఎలా? ఈ ప్రశ్న ఇతర మందుల విషయంలోను వచ్చినది. 1952లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థ స్పాన్‌స్యూల్ అనే గొట్టపు మాత్రను ప్రవేశపెట్టినది. అందులోని చిన్నచిన్న గుళికలకు పూత మందం వేరువేరుగా ఉండడంవలన అవి ఒకదాని తరువాత ఒకటి కరుగుతాయి. అయితే దానినైనా ఎవరో ఒకరు తలచుకొని మింగవలసినదే.

బోదకాలు విషయంలో వాహనం వంటింటిలో దొరికినది. డి.ఇ.సి. నీటిలో సులభంగా కరుగుతుంది, వంట వేడికి చెడదు. 1967లో హాకింగ్, మార్క్వెస్ అనే శాస్త్రజ్ఞులు బ్రెజిల్‌లోని రెసిఫేలో వంట ఉప్పులో ఈ మందు కలిపి చేసిన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. లెక్క చూడండి. వ్యాధిలో కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 50 కిలోల మనిషికి ఒక మోతాదు 300 మిల్లీగ్రాములు. ఉప్పులో నూటికి 0.2 పాళ్లు మందు కలిపితే, రోజుకు 10 గ్రాముల ఉప్పు తినేవానికి 20 మిల్లీగ్రాములు చేరుతుంది. ఒక మోతాదు 15 రోజులకు పంచినట్లయినది. పురుగులు మెల్లగా తగ్గుతాయి కనుక జ్వరాలు అరుదు. నెలల తరబడి వాడితే మొత్తం మందు ఎక్కువే అందుతుంది. చైనాలో ఈ ఉప్పును విరివిగా వాడారు. ఆ దేశంలో బోదకాలు సమస్య తొలగినదని 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించినది. 1980లలో కారైకాల్‌లో జరిగిన ప్రయోగం కూడ మంచి ఫలితమిచ్చినది.

మరి దేశమంతటా ఉప్పే ఎందుకు వాడలేదు? ఊరివారందరూ నెలల తరబడి ఆ ఉప్పునే కొనవలెను. మడుల దగ్గరనే మామూలు ఉప్పు చవకగా దొరికేచోట ఇది కష్టం. అందుచేత భారతదేశం 2004 నుండి ఏటా ఒకసారి మాత్రలు పంచే పద్ధతిని విస్తృతంగా చేపట్టినది. డి.ఇ.సి. మోతాదు 2 నుండి 5 ఏళ్లవారికి 100, 6 నుండి 14 ఏళ్లవారికి 200, ఆపై వారికి 300 మిల్లీగ్రాములు. గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి, రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. తరువాత ఆల్బెండజోల్ తోడైనది. 2018 నుండి ఎంపిక చేసిన జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడ చేరినది. పాత చిక్కు మాత్రం పూర్తిగా పోలేదు. చేతికి అందిన మాత్ర కొన్ని ఇళ్లలో గూటిలోనే ఉండిపోతుంది. తమ ఎదుటనే మింగించవలెనని కార్యకర్తలకు చెప్పడం ఇందువలననే.

ప్రయోగశాలలో మందు దొరికి డెబ్బై ఏళ్లు దాటినది. ఆ మందు గూటినుండి గొంతులోకి చేరడానికి మాత్రం నేటికీ మాట సాయం కావలసి ఉన్నది. మాత్రలు పంచే ఊళ్లలో పిల్లలకు ఆ జ్వరం ఎందుకు వస్తుందో బోధపరచిన ఉపాధ్యాయుడు సుబ్బారావుగారి పనిని కొంత ముందుకు నడిపినవాడవుతాడు.