గట్టు మీది మోదుగు

కొంచెం జరుగుండ్రి, పొగంత నా మొకం మీదికే వస్తున్నది. ఆఁ, గిట్ల. పొద్దుగాల మీ నాయిన ట్రాక్టర్ మలుపుడుకు అడ్డమైతున్నదని గట్టు మీది మోదుగు కొట్టేద్దామన్నడు గదా. నేను వద్దంటె ముసలోడు చెట్టును ఇడుస్తలేడని మీరు నవ్విండ్రు. గా చెట్టు మనకేం జేసిందో మీకేం ఎరుక?

1972 కరువు. నాకింక మీసాలు గూడ రాలె. బాయిల నీళ్ళు లేవు, చెలుక ఎండి పర్రెలు వాసింది. మోదుగుకు మాత్రం ఏం గాలె. రాళ్ళ నేలల, చౌడుల గూడ బతికే చెట్టది. నరికినా మొదట్ల నుంచి మళ్ళ చిగురేస్తది. మా అవ్వ ఆకు కోసుకొచ్చి, ఇస్తార్లు కుట్టి, సిద్దిపేట అంగట్ల అమ్మి జొన్నలు తెచ్చేది. ఆ యేడు మా పొయ్యి మీద గటుక ఉడికిందంటె ఆ ఆకు పుణ్యమే.

కుట్టుడు అల్కటి పని అనుకోకుండ్రి. మోదుగుకు ఒక్కొక్క కాడకు మూడాకులు. కోసిన ఆకును నీడకు ఆరేసి, దొంతి పెట్టి, పైన బండ ఎత్తాలె, లేకుంటె ముడుసుకుంటది. కుట్టే ముందు నీళ్ళు చిలుకరించి గోనెసంచి కప్పితె మెత్తగైతది. అవ్వ కాళ్ళు సాపి కూసోని, పెద్దాకు నడుమ పెట్టి, సుట్టూత ఒకదాని మీద ఒకటి ఎక్కిచ్చి, చీపురు పుల్ల గుచ్చి తీసి పుటుక్కున తుంచేది. కండ్లు మా దిక్కు, నోట్లె ముచ్చట, చేతుల పని చేతులదే. పుల్ల కొస పైకి తేలితె తినేటోళ్ళ ఏలుకు గుచ్చుకుంటది. గందుకే నేను కుట్టినయి ఇంట్లకే గని అంగడికి పోకపోయేది.

కోసుడుల గూడ పద్ధతి ఉండె. కొమ్మ ఇరవద్దు, కొసకున్న ఆకు ముట్టద్దు, ఒక్క చెట్టునే దూసి బోడి చెయ్యద్దు. ఎవ్వలో సర్కారోళ్ళు చెప్తె గాదు, రేపు మళ్ళ అదే చెట్టు కాడికి పోవాలె గనుక. ఇప్పుడు మొక్కలు నాటి ఫొటోలు దిగుతున్నరు, మంచిదే. కని ఆ చెట్టుతోని పనిలేనోడు రెండో యేడు దానికి నీళ్ళు పోసుడు నేనైతె సూడలె.

ఆకొక్కటేనా? వేరు తవ్వి, కొస నలగ్గొట్టి, సున్నమేసే కుంచె జేసేటోళ్ళు. లక్క పురుగు రేగు మీద బతికినట్టే మోదుగు మీద గూడ బతుకుతది. పట్నంల లాడ్ బజార్ గాజులు సూసిండ్రు గదా, గా లక్కనే. కాముని పున్నం వచ్చే యాల్లకు ఒక్కాకు లేకుంట చెట్టంత పూసి నిలవడేది. పూలు తెంపుకొచ్చి రాత్రి కుండల నానేసి, తెల్లారి కాగబెట్టేది. సిటికెడు సున్నమేస్తె రంగు ఇంకింత ఎర్రగ తిరుగుతది. రెండు ఉతుకులకు పోయేది, అంగి ఖరాబ్ గాకపోయేది. ఇప్పటి రంగు వారమైనా చెవుల సందుల నుంచి పోదు.

ఇగ పెండ్లి బంతి. సాపలేసి వరుసగ కూసునేది. ఇస్తార్ల పచ్చిపులుసు పోస్తె ఊకుంటదా, ఉరుకుతది. గందుకే అన్నంతోని సుట్టూ కుంట కట్టోలె పోసి, నడుమ పులుసు పోపిచ్చుకొని, కట్ట తెగకముందే జుర్రాలె. తిన్నంక ఎవరిది వాళ్ళే మడిసి పెంటకుప్పల ఏసేది. బర్లు కొన్ని తినేటియి, మిగిలింది మురిగి ఎరువై చెలుకలకే పోయేది.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు దేశమంతట బందు అన్నరు, పేపర్ల సదివిన. అయినా ఫంక్షన్ హాల్ ఎనుక సూడుండ్రి, మెరుపు పొర అంటిచ్చిన కాయితం ప్లేట్ల గుట్ట, దాంట్ల మూతి పెట్టిన ఆవులు. అందరు ప్లాస్టిక్ నే తిడుతరు. నాకైతె మనం కూసోని తినుడు మానినప్పుడే ఇస్తారాకు పోయిందనిపిస్తది. నిలవడి, ఒక చేత్తోని పట్టుకొని తినాల్నంటె ఆకు ఆగుతదా? బఫే వచ్చింది, ఆకుతోని పని తీరింది. ఆకుతోని పని తీరినంక చెట్టు అడ్డమైంది. మీ నాయిన తప్పేం లేదు, ఆయనకు ట్రాక్టర్ కు అడ్డమే కనిపిస్తది.

ఎండకాలంల అక్క లగ్గం ఉన్నది గదా. మాఘంల ఆకు రాలుతది, పాల్గునంల పూత, అటెన్క కొత్తాకు. లేతాకు కుడితె చినుగుతది. చిలుకపచ్చ పోయి ముదురుపచ్చ దిగినంకనే కొయ్యాలె, మన ఒక్క చెట్టు సాలదు, ఒర్రె పొంటి ఉన్నయి గూడ తిరగాలె. ముసలోళ్ళకు, పిల్లలకు రెండు బంతులు కింద కూసోపెడ్దాం, మీ బఫే మీరు పెట్టుకోండ్రి. నువ్వు చీపురు పుల్లలు ఏరు, కుట్టుడు నేను నేర్పుత. నీ మొదటి పది ఇస్తార్లు మాత్రం పెండ్లికొడుకు దిక్కోళ్ళ ముంగట ఎయ్యకు పిలగా, గుచ్చుకుంటయి.