బంతి పడుచోట ఇల్లు

గోల్ఫు బంతులను దూరముగా కొట్టి అభ్యసించు మైదానము ముందే యుండగా, దాని ప్రక్కనే నూతన గృహములు కట్టదలచినపుడు, పెరటిలో వచ్చిపడు బంతులకు బాధ్యులెవ్వరను ప్రశ్నకు ఇంగ్లండు దేశమున లభించిన సమాధానములు ఒక్కతీరుగా లేవు.

1879లో, లండనునందు ఇరువది యేండ్లకు పైగా రోళ్ళలో దంచుచు మిఠాయిలు చేయుచున్న వర్తకునిపై, తన పెరటిలో క్రొత్తగా సంప్రదింపుల గది కట్టుకొనిన పొరుగు వైద్యుడు దావా వేయగా, న్యాయస్థానము వైద్యుని పక్షమే వహించినది. నేనే ముందున్నానను వాదము చెల్లలేదు. 1922లో, గోల్ఫు మైదానపు పదుమూడవ గుంటకై కొట్టిన బంతి బాటపై పోవు టాక్సీకి తగిలి చోదకుని కన్ను పోగొట్టగా, ఆటగానితోపాటు క్లబ్బును బాధ్యత వహింపవలసివచ్చినది.

లింట్జు గ్రామపు కథ మరింత చిత్రము. దాదాపు డెబ్బది యేండ్లుగా క్రికెట్టాడుచున్న మైదానమునకు ఆనుకొని 1972 ప్రాంతమున ఇండ్లు వెలసినవి. కంచె యెత్తు పెంచినను బంతులు పెరళ్ళలో పడుట మానలేదు. ఇంటివారు దావా వేయగా, 1977లో న్యాయమూర్తి డెన్నింగు ప్రభువు ఆటవైపు మ్రొగ్గెను. తక్కిన న్యాయమూర్తు లిరువురును ఇంటివారికి బాధ కలిగినమాట నిజమేననిరి. అయినను ఆటను నిలుపు ఆజ్ఞ వెలువడలేదు, నష్టపరిహారమే దక్కినది. పల్లెటూరి వేసవిని వర్ణించిన డెన్నింగు తీర్పు కావ్యముగా బాగున్నది గాని, తన తోటలో కూర్చుండ జంకు గృహిణికి అది యేమి యూరట?

2018లో ఇంగ్లండు జాతీయ ప్రణాళికా విధానము, మార్పు తెచ్చువాడే భారము మోయవలెనని విధించినది. కావున ఎత్తైన వలలు, కిటికీల దిశ, ఇంటికిని మైదానమునకును నడుమ ఎడము మున్నగువానిని అనుమతికి ముందే యోచించుట నేడు గృహనిర్మాత పని.